చంతాపం

భాస్కరమూర్తి సార్ పోయారని సుధ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. చెయ్యి ఆగలేదు. "అయ్యో" అనాలి కాబట్టి అన్నాను. గుండెపోటట, ఆస్పత్రికి తీసుకెళ్లే లోపే అయిపోయిందట అని సుధ ముక్కు ఎగబీలుస్తూ చెప్తోంటే, నాకు మాత్రం లోపలెక్కడో హాయిగా ఉంది. ఈ వయసులో ఒకరి చావుకి సంతోషించకూడదని తెలుసు. తెలిసే సంతోషించాను. సుధ నాతో పాటు ఎం.ఏ. బ్రాడ్‌కాస్ట్ జర్నలిజం చదివింది. తర్వాత చాలా ఏళ్లు టీవీలో వార్తలు చదివింది, ఇప్పటికీ పెళ్లిళ్లలో జనం ఆమె పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. "సార్ సొంతూరు మీ అనకాపల్లి అవతల రోలుగుంట పక్కనేనట మెహర్, నీకు తెలుసా? అందుకే సంతాప సభ అనకాపల్లిలో పెడుతున్నాం" అంది. అని గతుక్కుమంది. "అదే, నివాళి సభ. స్టూడెంట్స్ తరఫున నువ్వొకదానివి మాట్లాడాలి, లోకల్ కదా" అని గబగబా సర్దేసింది. సంతాపం అనే మాట నా దగ్గర అనడానికి ఇన్నేళ్ల తర్వాత కూడా జంకుతోందంటే, వీళ్లలో ఎవరూ ఏదీ మర్చిపోలేదన్న మాట. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్లలో వేస్తూ, ఆయన రోలుగుంట వైపు వాడా అని చాలాసేపు నాలో నేనే అనుకున్నాను. క్లాసులో ఎప్పుడడిగినా మాది బెజవాడ అనేవారు.

మా ఇల్లు అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక సందులో ఉండేది. అబ్బాది, అంటే మా నాన్నది, మైకుసెట్టు షాపు. షాపంటే వీధివైపు గది, ఇల్లంటే దాని వెనక గది, రెంటికీ మధ్య ఒక పరదా. వీధిలోంచి బెల్లం పులిసిన వాసన, షాపులోంచి సాల్డరింగు పొగ వాసన, వెనకనుంచి అమ్మీ వేయించే ఉల్లిపాయల వాసన, ఈ మూడూ కలిస్తేనే నాకు ఇల్లు. గోడల పొడుగునా మైకు గొట్టాలు బోర్లించి ఉండేవి. పెదవి విరిగిపోయిన గొట్టం ఒకదాన్ని అమ్మీ పెరట్లో పారేస్తే మా కోడి అందులో గుడ్లు పెట్టేది. "మన మైకులన్నిట్లో నోరు మూసుకుని పని చేసేది అదొక్కటే" అనేవాడు అబ్బా. పొద్దున్నే చాయ్ తాగగానే ఆంప్లిఫయర్ వేసి, అది వేడెక్కేదాకా చేతులు కట్టుకుని నిలబడేవాడు. మైకుని ఎప్పుడూ వేలితో కొట్టేవాడు కాదు, కొడితే దానికి చెవుడొస్తుందనేవాడు. మెల్లిగా ఊది, "హలో" అని, తన గొంతు తనకి తిరిగి వినపడ్డాక తృప్తిగా తల ఊపేవాడు. ఊళ్లో కొత్త సినిమా వచ్చినా, దుప్పట్ల సేల్ పెట్టినా, ఎవరైనా పోయినా, రిక్షా మీద గొట్టం కట్టుకుని అబ్బానే తిరిగేవాడు. చావు కబురైతే ముందు పాట వేసేవాడు కాదు. ఆ రోజు ఇంట్లో మమ్మల్ని కూడా గట్టిగా నవ్వనిచ్చేవాడు కాదు.

నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మైకు నా బొమ్మ. జాతర రోజుల్లో తప్పిపోయిన పిల్లల్ని తెచ్చి మా మైకు బల్ల మీద కూర్చోబెట్టేవారు. అబ్బా గొంతు మొగగొంతు, పిల్లలు ఇంకా జడుసుకునేవారు. అందుకని ఆ పని నాకొచ్చింది. "పచ్చగౌను ఏసుకున్న పాప, మైకు కాడ ఏడుత్తంది. అమ్మ ఎక్కడున్నా ఎంటనే రావాలి" అని నేను చెప్తే, అంత జనంలోంచి, అన్ని బూరల మోతలోంచి, ఒక తల్లి కొంగు జారిపోతూ పరిగెత్తుకొచ్చేది. నా చేతిలోంచి పిల్లని లాక్కుని, కొట్టి, ముద్దు పెట్టుకుని, నా వైపు చూసేది. ఆ చూపు కోసమే నేను వార్తలు చదవాలనుకున్నాను. గొప్ప ఆశయాలూ అవీ నాకు లేవు. నేను పిలిస్తే వినపడుతుంది, విన్నవాళ్లు వస్తారు, అంతే. "ఆ గొంతేటే, ఊరంతటినీ లేపేత్తది" అని అమ్మీ విసుక్కునేది. డిగ్రీ అయ్యాక విశాఖలో టీవీ చదువు చెప్పే కాలేజీ ఉందని తెలిసి అడిగితే, అబ్బా ఒక్కమాట కూడా అనలేదు. నన్ను షాపులో కూర్చోబెట్టి, కొత్త మైకుకి చుట్టిన గుడ్డ విప్పి, "ఊదు" అన్నాడు. ఊదాను. అదే ఆయన ఒప్పుకోవడం.

కాలేజీ పేరు చెప్పను. ప్రైవేటుది, ఇప్పుడు లేదు, ఆ భవనంలో బట్టల షోరూం నడుస్తోందని విన్నాను. రోజూ పాసింజర్ బండిలో వెళ్లి వచ్చేదాన్ని. భాస్కరమూర్తి సార్ మాకు వార్తాపఠనం చెప్పేవారు. మడత నలగని తెల్లచొక్కా, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఆయన బెంచీ పక్కనుంచి వెళ్తే ముందు లవంగం వాసన వచ్చేది, తర్వాత భయం వచ్చేది. గొంతు మాత్రం అద్భుతం, అది ఒప్పుకుంటాను. ఒక్క పొల్లు జారదు. ఆయన తెలుగు వింటుంటే ఇది పుట్టి పెరిగిన నోరు కాదు, ఎవరో కూర్చుని చెక్కిన నోరు అనిపించేది. ఎవరు చెక్కారో, దేనితో చెక్కారో అప్పట్లో నాకు తెలియదు.

నా రోగం ఆయన మొదటిరోజే పట్టేశారు. ఇంట్లో అబ్బా, అమ్మీ ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. ఉర్దూలో నాకు 'చ' ఉంది, తెలుగులో లేదు. ఇంట్లో చాయ్ అన్నాను, చాచా అన్నాను, గడప దాటితే సెప్పు, సూడు, సదువు. ఊళ్లో అందరూ అలాగే అనేవారు కాబట్టి అదొక తేడా అని కూడా తెలియదు. సార్ నన్ను లేపి నిలబెట్టారు.

"మీ ఇంట్లో టీని ఏమంటారమ్మాయ్?"

"చాయ్ అంటాం సార్."

"భేష్. వచ్చిందిగా. ఇప్పుడు 'చెప్పు' అను."

"సెప్పు."

క్లాసంతా గొల్లుమంది. సార్ నవ్వలేదు. ఆయన నవ్వించేవారే తప్ప నవ్వేవారు కాదు. "ఉర్దూకున్న నోరు తెలుగుకి లేదన్న మాట. కూర్చో" అన్నారు. నేను కూర్చుంటే పక్కనున్న సుధ కూడా పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమెని కూడా నేను క్షమించలేదని ఇక్కడే రాసేస్తున్నాను. చదివితే చదవనీ.

ఆ రోజునుంచి నేను ఆ అక్షరం మీద పడ్డాను. స్క్రిప్టు చేతికి రాగానే ఎర్రపెన్ను తీసి ప్రతి 'చ' చుట్టూ సున్నా చుట్టేదాన్ని. సున్నా కనపడితే నాలుక వెనక్కి లాగాలి, అది నా పద్ధతి. పాసింజర్ బండిలో కిటికీకి మొహం ఆనించి చదువుకునేదాన్ని, ఇంటికొచ్చి షాపులో మైకు ఆపేసి ఆ ఆపేసిన మైకులో చదువుకునేదాన్ని. అబ్బా చూసి, "అదేటి బేటీ, కరెంటు లేకుండా సదువుతున్నావ్?" అనేవాడు. మెల్లిగా వచ్చింది. సున్నాలుంటే ఒక్కటీ తప్పేదాన్ని కాదు. తోటివాళ్లు కూడా ఒప్పుకున్నారు. సార్ మాత్రం ఒప్పుకున్నట్టు ఎప్పుడూ కనపడలేదు, నేను బాగా చదివిన రోజున లవంగం ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చి కిటికీ వైపు చూసేవారు.

ఆఖరి పరీక్ష స్టూడియోలో. కెమెరా ముందు కూర్చుని, ఎదురుగా ప్రాంప్టర్ అద్దంలో పైకి జరిగే అక్షరాలు చూసి, నిజం వార్తల్లాగే బులెటిన్ చదవాలి. ఆ టేపుల్నే ఒక చానెల్ వాళ్లకి పంపుతారు, వాళ్లు యాంకర్లని ఎంచుకుంటారు. మా రెండేళ్ల చదువూ ఆ టేపు కోసమే. కాటుక పెట్టుకుని, అమ్మీ పెళ్లినాటి ముత్యాల దుద్దులు పెట్టుకుని కూర్చున్నాను. ప్రాంప్టర్‌లో నా ఎర్ర సున్నాలు లేవు. ఆ సంగతి అక్షరాలు కదలడం మొదలయ్యాక తెలిసింది. ఏది నాలుక వెనక్కి లాగాల్సింది, ఏది కాదు అని వెతుక్కునే టైము లేదు. బస్సు ప్రమాదం వార్త వచ్చింది. "చనిపోయిన వారి కుటుంబాలకు" అని పట్టుదలగా, స్పష్టంగా పలికాను. ఆ ఊపు ఆగలేదు. "ముఖ్యమంత్రి ప్రగాఢ చంతాపం తెలిపారు" అన్నాను. కెమెరా వెనక ఎవరో ముక్కుతో నవ్వారు. నేను ఆగకుండా చివరిదాకా చదివాను. ఏమన్నానో బయటికొచ్చాక సుధ చెప్పేదాకా నాకు తెలియదు.

పరిగెత్తుకుని సార్ గదికి వెళ్లాను. అప్పటికే అక్కడ నలుగురైదుగురు ఉన్నారు. "సార్, ఒక్కసారి మళ్లీ సదువుతాను సార్" అన్నాను. కంగారులో పాత నోరే వచ్చేసింది.

"మళ్లీ ఏం చేస్తావు?"

"సదువుతాను సార్."

"ఎందుకమ్మా శ్రమ? సదివింది చాలు" అన్నారు. గదంతా నవ్వు. ఇద్దరు ముగ్గురికి ఆయన రెండోసారి రికార్డు చేశారు, ఒకడికైతే తుమ్ము వచ్చిందని మూడోసారి కూడా చేశారు. నాకు చెయ్యలేదు. అదే టేపు చానెల్‌కి వెళ్లింది. ఒక కాపీ ఆయన దగ్గర ఉంచుకున్నారు. మర్నాటినుంచి నా పేరు మెహర్ కాదు, చంతాపం. "చంతాపం వచ్చిందా?", "చంతాపం టిఫిన్ తెచ్చిందా?" అని. పెట్టింది సారే.

ఆ ఏడు జాతరకి అబ్బా ఎప్పటిలాగే బల్ల వేసి, గొట్టాలు కట్టి, నాకోసం కుర్చీ తుడిచి పెట్టాడు. నేను రానన్నాను. "ఏటైంది బేటీ, గొంతు బాలేదా?" అన్నాడు. బాలేదన్నాను. మరుసటి ఏడూ బాలేదన్నాను. తర్వాత అడగడం మానేశాడు. టీవీ చదువు చదివిన పిల్లకి మైకు బల్ల నామోషీ అయిందనుకున్నాడు. నాకు మైకు చూస్తే అరచేతులు చెమట పడుతున్నాయని, నోరు తెరిస్తే ఏ అక్షరం వస్తుందోనని భయమని చెప్పలేకపోయాను. చెప్తే నా కోసం ఆ కాలేజీ దాకా వెళ్లి గొడవ పెట్టుకునే మనిషి. అబ్బా పోయేదాకా అలాగే అనుకున్నాడు. భాస్కరమూర్తి సార్ మీద నా పగ ఉద్యోగం గురించి అనుకుంటారు సుధ వాళ్లు. ఉద్యోగం పోతే పోయింది. మా అబ్బా తుడిచి పెట్టిన ఆ ఖాళీ కుర్చీకి ఆయన ఎప్పటికీ బాకీయే.

నేను టీవీ వార్తల డెస్కులో చేరాను. అంటే వార్త రాసేది నేను, చదివేది ఇంకొకరు. నా వాక్యాలు సుధ నోట్లోంచి కూడా చాలాసార్లు బయటికొచ్చాయి. రాసేటప్పుడు సంతాపం అనే మాట మాత్రం ఎప్పుడూ వాడలేదు, విచారం అని రాసేదాన్ని. 'చ' ఎప్పుడో పూర్తిగా పట్టుబడింది, ఇప్పుడు నిద్రలో లేపినా తప్పను, కానీ అది వినేవాళ్లు ఇంట్లోవాళ్లే. కొన్నేళ్ల తర్వాత మా డెస్కుకి ట్రైనింగుకొచ్చిన ఒక అమ్మాయి భోజనాల దగ్గర, "మా సార్ ప్రతి బ్యాచ్‌కీ ఒక టేపు వినిపిస్తారు మేడమ్, ఎలా చదవకూడదో చెప్పడానికి. ఎవరో పిచ్చిది, చంతాపం అంటుంది" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ ఆమె కంచంలో ఇంకాస్త పప్పు వేశాను. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. ఇప్పుడు కాలం మారింది. ఫోన్ తెరిస్తే మా యాసలో మాట్లాడే పిల్లలే, ఏటి, సూడు, వత్తాను అంటుంటే లక్షల మంది చూస్తున్నారు. సార్ కూడా మారారు. పోవడానికి కొంతకాలం ముందు ఒక యూట్యూబ్ ఇంటర్వ్యూలో కూర్చుని, "యాసలే మన భాషకి అందం, వాటిని కాపాడుకోవాలి" అని సెలవిచ్చారు. అదే తెల్లచొక్కా. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా పళ్లు నూరాను.

సభ టౌన్లో ఒక కల్యాణమండపంలో పెట్టారు. సౌండు మా తమ్ముడు జానీదే, అబ్బా షాపు ఇప్పుడు వాడే నడుపుతున్నాడు. వేదిక మీద సార్ ఫోటోకి చామంతి దండ. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు, వయసులు తేడా ఉన్నా అందరూ ఆ టేపు విన్నవాళ్లే. నేను ముందు వరసలో ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ముతక చీర, చేతులకి జీడిపిక్కల మచ్చలు. నా వైపు తిరిగింది.

"ఏటమ్మా, నువ్వూ మావోడి కాడ సదువుకున్నావా?"

"ఎవరండీ మీవాడు?"

ఫోటో వైపు గెడ్డంతో చూపించింది. "మా సిట్టి. మీకందరికీ బాస్కరమూర్తి. నేను ఆడి అప్పని."

సొంత అక్క. రోలుగుంట అవతల కొండవార జీడితోట చేసుకుంటుందట. నేను చెయ్యి పట్టుకుంటే ఆవిడ చెప్పుకుంటూ పోయింది. "సిన్నప్పుడు ఆ ఒక్క ‘చ’ అచ్చరం నోరు తిరిగీది కాదమ్మా ఆడికి. ఇస్కూల్లో మేస్టారు గోడకాడ నిలబెట్టి కొట్టీవోరు. దెబ్బలకి బయపడిపోయి మరి అన్నిటికీ అదే పెట్టీసీవోడు. సంతకెల్దాం రారా అంటే ‘చంతకా’ అనీవోడు. ఇంటిల్లిపాదీ నవ్వీవోళ్లం." ఆవిడ నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పట్నం ఎల్లిపోయేక మరి మారిపోయేడు. పోను సేత్తే ‘మెల్లిగా మాటాడప్పా, పక్కన జనాలున్నారు’ అనీవోడు. ఒకపాలి కాలేజీకి ఎల్తే పనిమనిసినని సెప్పేడు."

నా చెయ్యి ఆవిడ చేతిలో అలాగే ఉండిపోయింది. అయితే ఆయనకి తెలుసు. నేను చంతాపం అన్న క్షణంలో, ఆ గది మొత్తంలో, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్లు నవ్వింది తెలియక. ఆయన ఆ దెబ్బలు తిన్న నోటితోనే నాకు పేరు పెట్టారు. గోడ దగ్గర ఏడ్చిన పిల్లాణ్ని తలుచుకుని నాకు ఇక్కడ జాలి కలగాలి. మంచి మనసున్నవాళ్లకి కలుగుతుంది. నాకు కలగలేదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు సభలో ఆ మాట అనాలా వద్దా అని కొంచెం ఊగిసలాట ఉండేది, అది కూడా అక్కడే పోయింది. ఈవిడ నోరు కూడా మూయించాడు.

నా పేరు పిలిచారు. సుధ మైకు అందిస్తూ "రెండు మాటలు చాలు మెహర్" అంది, ఆమె గొంతులో భయం ఉంది. ఎదురుగా స్టాండు మీద ఫోను, సభంతా యూట్యూబులో లైవ్ వెళ్తోంది. నేను లైవ్‌లో కనపడటం జీవితంలో అదే మొదలు. మైకుని వేలితో కొట్టలేదు. మెల్లిగా ఊదాను. నా గొంతు నాకు తిరిగి వినపడింది, మూల బాక్సు దగ్గర జానీ తల ఎత్తి చూశాడు. "చదువు చెప్పడం వేరు, చెవికి పట్టేదాకా చెప్పించడం వేరు. భాస్కరమూర్తి గారు చిన్న తప్పుని కూడా చూసీ చూడనట్టు వదిలేవారు కాదు. చచ్చేదాకా మర్చిపోలేని చోట అచ్చు వేసేవారు" అన్నాను. ఒక్క 'చ' జారలేదు. జారలేదని అందరికీ తెలియాలి, అందుకే నింపాదిగా చెప్పాను. "వారి కుటుంబానికి నా సానుభూతి" అన్నాను. అందులోనూ అక్షరం తప్పలేదు, ఆ మాట ముందు వరసలో ఉన్న ఆయన అప్ప కోసం. అప్పుడు ఫోటో వైపు తిరిగి, దండలోంచి కనపడే ఆ తెల్లచొక్కా కాలర్ చూస్తూ, ఒక్కో అక్షరం విడదీసి, "మా గురువు గారి మృతికి ప్రగాఢ చంతాపం" అన్నాను.

హాలు బిగుసుకుపోయింది. సుధ తల దించేసుకుంది. వెనక వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గు లంకించుకున్నారు, పక్కవాళ్లు మోచేత్తో పొడిచారు. సంతాప సభలో నవ్వడానికి వీల్లేదు. నేను ఏడవడానికి వీల్లేని చోట వాళ్లందరూ నవ్వారు, ఇప్పుడు కూర్చోనీ. నేను తొందరపడలేదు, అందరి మొహాలూ వరసగా చూసి, మైకు స్టాండుకి తగిలించి దిగాను. అరచేతులు పొడిగా ఉన్నాయి.

వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. పెద్దావిడ నన్నే చూస్తోంది.

"బాగా సెప్పేవమ్మా" అంది. నా మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగింది. "అదేటమ్మా, ఆకర్న అచ్చం మా సిట్టి అన్నట్టే అన్నావు?"

"ఆయన నేర్పిందే అప్పా" అన్నాను.